జైనబీ దూదివిల్లు

ఎవాంజలిన్ సంచిలోంచి తీసి బల్ల మీద పరిచిన కోటును చూసి జైనబీ నోటి మీద చెయ్యి వేసుకుంది. మందపాటి నూలుగుడ్డ, రెండు పొరల మధ్య దూది, పైనుంచి కింది దాకా నిలువు కుట్లు. చంటిపిల్లల బొంతకు ఎవరో చేతులు కుట్టినట్టుంది. అయితే దూదంతా కిందికి జారి, పొట్ట దగ్గర ఉండలు ఉండలుగా గడ్డకట్టింది. భుజాల మీద ఉత్త గుడ్డే మిగిలింది.

"ఏం చేసినావు సిస్టరమ్మా దీన్ని?"

"మట్టయిపోయిందండీ. మిషన్లో వేసేశాను."

"దూదిబట్టను మిషిన్లో యేసినావా! యాడన్నా ఉందా ఈ చోద్యం? పరుపును ఉతకతారా ఎవురన్నా?"

"ఇది పరుపు కాదండీ, కోటు."

"చేతులు కుట్టినంత మాత్రాన పరుపు కాకుండా పోతాదా?"

ఒమాన్‌లో, అల్ హైల్ అనే చోట, జువేరియా మేడమ్ ఇంట్లో జైనబీ పనికి కుదిరి పదకొండేళ్లయింది. ఆమెది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఎవాంజలిన్‌ది నరసాపురం వైపు. ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. జువేరియా అత్తగారికి చక్కెర జబ్బుతో కాలి పుండు మానడం లేదు. కట్టు మార్చడానికి వారానికి రెండుసార్లు వస్తుంది. కట్టు మార్చేది పది నిమిషాలు, ఆ తర్వాత వంటింట్లో టీ తాగుతూ తెలుగు మాట్లాడేది అరగంట.

శనివారం పొద్దున డ్యూటీ లేకపోతే ఈ పిల్ల ఏం చేస్తుందో జైనబీకి ఆ రోజే తెలిసింది. ఒక బడి మైదానంలో ముప్పై మంది దాకా చేరతారట. ఇంజనీర్లు, టీచర్లు, ఒమానీలు, తెల్లవాళ్లు, మలయాళీలు. ఆరువందల ఏళ్ల కిందటి సిపాయిల్లాగా కత్తీ డాలూ పట్టుకుని కొట్టుకుంటారట. కత్తికి పదునుండదు గానీ దెబ్బ దెబ్బే. అందుకని ఇనప తొడుగు కింద ఈ దూది కోటు.

"ఎవురి మీదమ్మా నీకు అంత కోపం?"

"మా హెడ్ నర్సు మీదనుకోండి," అని నవ్వింది ఎవాంజలిన్. "ఫిబ్రవరిలో ఖబూరా దగ్గర ఖర్జూరం తోటలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెద్ద శిబిరం ఉందండీ. నేను పోవడం అదే మొదలు. ఈ కోటు లేకపోతే బరిలోకి రానివ్వరు. ఒకాయన దగ్గర పాతది సంపాదించుకుంటే, ఇదిగో, ఇలా చేసుకున్నాను."

జైనబీ కోటును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కుట్లు ఎక్కడ విప్పాలో వేలితో వెతుక్కుంది. "పెట్టిపో," అంది.

మూడు మధ్యాహ్నాలు పట్టింది. జైనబీ కుట్లు విప్పింది, గడ్డలు బయటికి తీసింది, ఒక్కో గడ్డనూ వేళ్లతో పీకి పీకి మళ్లీ దూదిని చేసింది. అంతసేపూ ఆమెకు ఒకటే చిరాకు. విల్లుంటే అరగంట పని ఇది. వాళ్లది దూదేకుల ఇల్లు. తాత, నాయన, చిన్నాయన అందరూ విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగినవాళ్లే. నాయన విల్లు మోగిస్తుంటే గడ్డలు విచ్చుకుని, పొట్టు కిందికి రాలి, దూది పాల నురగలాగా పైకి లేచేది. ఫోము పరుపులొచ్చాక పిలిచేవాళ్లు తగ్గారు. కొన్నాళ్లు విల్లు దూలానికి వేలాడింది. ఒక వానాకాలం కట్టెలు తడిసిపోతే పొయ్యిలోకి పోయింది.

కోటు తొడుక్కుని ఎవాంజలిన్ వంటింట్లోనే రెండు గుద్దులు గుద్దుకుని చూసుకుంది. "అబ్బ! కొత్తదానికన్నా బాగుందండీ. మా వాళ్లకి చూపిస్తే అందరూ మీ ఇంటిముందే ఉంటారు."

"ఆ శిబిరంలో ఇంకేమేం ఉంటాయి?"

"కొలిమి పెడతారు. కుండలు చేసేవాళ్లొస్తారు. మగ్గం ఒకటి వస్తుంది. రొట్టెలు కాల్చేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు..."

"దూదేకేవాళ్లు?"

ఎవాంజలిన్ ఆలోచించింది. "లేరండీ."

"ఇంతమంది దూది కోట్లు తొడుక్కుంటారు గదా. ఆ దూది ఎవురు ఏకినారంట? చెట్టుకు కాసినాయా కోట్లు?"

 జైనబీ టీ గిన్నె దించి, వడగట్టి, గ్లాసు చేతికిచ్చాక అంది: "నేనొస్తా. దూదేకేదాన్నని రాయి."

అది వేళాకోళం కాదని అర్థం కావడానికి నర్సుకు రెండు గుటకలు పట్టింది. ఆ సాయంత్రమే నిర్వాహకులకు రాసింది. నాలుగు రోజులకు జవాబొస్తే, కట్టు మార్చడానికి వచ్చినప్పుడు ఫోను చూస్తూ చదివి చెప్పింది. చేతిపని చూపించేవాళ్లు ఎవరైనా రావచ్చు. కానీ క్రీస్తుశకం పదిహేనువందల తర్వాత పుట్టిన వస్తువేదీ లోపలికి రాకూడదు. ప్లాస్టిక్ వద్దు, నైలాన్ వద్దు, జిప్పు వద్దు, మిషను కుట్టు పైకి కనపడకూడదు. పనిముట్టును గేటు దగ్గర పనిచేయించి చూపించాలి. చూపించలేకపోతే తాడుకు బయట సందర్శకులతో నిలబడి చూసుకోవచ్చు.

"తాడేంది?"

"శిబిరం చుట్టూ తాడు కడతారండీ. లోపలివాళ్లు ఆ కాలం వాళ్లు. బయటివాళ్లు చూట్టానికొచ్చినవాళ్లు."

జైనబీ గిన్నెలు తోమడం ఆపింది. "పదకొండేండ్లు సిస్టరమ్మా. ఈ ఇంట్లో పెండ్లిండ్లయినాయి, పురుళ్లయినాయి. ఎప్పుడు సూడు, తట్ట పట్టుకోని వాకిలి పక్కన నిలబడేది నేనే. నా పని నాకు తెలిసిన కాడ గూడా తాడుకు అవతల నిలబడాల్నా? నిలబడను. లోపలికే పోతా."

చేతిలో ఉన్నవి ఆరు వారాలు. విల్లు లేదు, నారి లేదు, దూది లేదు. అన్నిటికన్నా పెద్ద సంగతి, జైనబీ జన్మలో విల్లు పట్టింది లేదు. వాళ్లింట్లో విల్లు మగవాళ్లది. ఆడవాళ్లు దూది నింపాలి, కుట్లు వేయాలి. చిన్నప్పుడు నారిని వేలితో మీటినందుకు నాయన నెత్తిన ఒక మొట్టికాయ వేశాడు.

శుక్రవారం సెలవు. బస్సెక్కి మబేలా పోయింది. చిన్నాయన కొడుకు బాషా అక్కడ మాంసం కొట్లో పనిచేస్తాడు.

"విల్లా?" అన్నాడు బాషా, కత్తి నూరుతూ. "నీకేమన్నా పిచ్చి పట్టిందా అక్కా? ఆడోళ్లు పడతారా విల్లు? మా నాయన వింటే..."

"మీ నాయన పోయి ఎనిమిదేండ్లాయ. నువ్వు పడతావా?"

"నాకెట్లొస్తాది? నేను యాట కోసేటోన్ని."

"మరి? మగోళ్లు పారేసినారు, నేను ఏరుకుంటాండా. నీకేం నొప్పి?"

బాషా కత్తి పక్కన పెట్టి తల గోక్కున్నాడు. "నవ్వుతారు అక్కా మనోళ్లు."

"నవ్వనీ. నాకు పేగులు గావాల, గొర్రెవి, సన్నవి, తెగకుండా నిలువు పొడుగునా. మీ నాయన నారి ఎట్ల చేసేవాడో గుర్తుండేదంతా చెప్పు."

అక్కడితో బాషా మొహం మారింది. నవ్వే సంగతి మరిచిపోయి గుర్తు చేసుకోవడంలో పడ్డాడు. పేగును బూడిద నీళ్లలో నానబెట్టేది. వెదురు చెక్కతో గీకి గీకి లోపలి జిగురంతా తీసేది. నాలుగు పేగులో ఐదో కలిపి మెలిపెట్టేది. "ఐదు," అంది జైనబీ. "నాలుగు," అన్నాడు బాషా. చివరికి ఐదుకు ఒప్పుకున్నాడు గానీ, తెగితే తన పూచీ లేదన్నాడు.

కొయ్య సంగతి వీరబ్రహ్మం చూసుకున్నాడు. బాషా రూమ్‌లోనే ఉంటాడు, వడ్రంగి, వాళ్లదీ కడప జిల్లానే. ఎవరో పాత ఇల్లు పడగొడితే వచ్చిన రేగుకర్ర దూలం సైట్ నుంచి తెచ్చిపెట్టుకున్నాడు. జైనబీ రెండు చేతులూ చాచి కొలతలు చెప్పింది. నా కన్నా జానెడు పొడుగు. ఒక కొసన చేటంత పలక. ఇంకో కొసన పైకి తిరిగిన వంపు. నారి ఈ కొస నుంచి ఆ కొసకు.

"వీణ మాదిరి గదమ్మా," అన్నాడు వీరబ్రహ్మం.

"వీణైతే నీకు చెప్పేదాన్ని గాదు. ఇది మోగేదానికి గాదు, పనికి. రంపంతో గాదు, బాడిసెతో చెక్కు. వాళ్లు గీతలు చూస్తారంట."

"బాడిసె పట్టి యెన్నేండ్లయిందో," అన్నాడు అతను. కానీ కళ్లు మెరిశాయి. రెండు శుక్రవారాల తర్వాత విల్లు, దానితో పాటు నడుము సన్నగా రెండు తలలు గుండ్రంగా ఉన్న గూటం చేతిలో పెట్టాడు. పలక మీద బాడిసె దెబ్బలు చేప పొలుసుల్లా వరసగా ఉన్నాయి.

దూది మాత్రం ఇంట్లోనే దొరికింది. అంగట్లో దిండ్లలో ఉండేదంతా పాలిస్టర్. ఎవాంజలిన్ ఆసుపత్రి దూది తెస్తానంది గానీ, అది మందుల్లో ఉడికి జీవం చచ్చిన దూది. జువేరియా అత్తగారి పాత పరుపు ఒకటి మేడ మీద చిన్నగదిలో రాయిలాగా పడి ఉంది. దాన్ని విప్పుకోనా అని ముసలామెనే అడిగింది జైనబీ.

ముసలామె ఎందుకని అడిగింది. జైనబీ తన వంటింటి అరబ్బీలో, చేతులతో విల్లు ఆడించి చూపిస్తూ చెప్పింది. ముసలామె దిండు మీద నుంచి కాస్త లేచింది. "నద్దాఫ్!" అంది, దూదేకేవాడని. ఆమె పుట్టిల్లు ఖబూరానే. చిన్నప్పుడు ఏడాదికొకసారి వాకిట్లోకి అలాంటి మనిషి వచ్చేవాడట. దూది ఏకుతుంటే పిల్లలంతా చుట్టూ మూగేవాళ్లట. గెడ్డం నిండా దూదేనట. "తీసుకో, మొత్తం తీసుకో. కానీ ఆడది ఏకడం నేను చూడలేదు."

"నేనూ చూడలేదమ్మా," అంది జైనబీ.

ఇక నారి. బాషా ఇచ్చిన పేగులు కడిగి, నానబెట్టి, గీకి, మెలిపెట్టి, మేడ మీద రెండు నీళ్ల గొట్టాల మధ్య లాగి కట్టింది. మర్నాడు జువేరియా ముక్కు మూసుకుని వచ్చింది. "జైనబీ, పైన ఏదో చచ్చింది."

"చచ్చిందే మేడమ్. గొర్రె."

జువేరియా చాలా కోప్పడింది. కోడలి గొంతు విని ముసలామె గదిలోంచి కేకేసింది: తన పుట్టింటి వాకిట్లో ఇంతకన్నా చెడ్డ వాసనలుండేవని, నాలుగు రోజులు ఓర్చుకోమని. అత్తగారి మాట కాదనలేక ఆమె తలుపు వేసుకుంది. కానీ ఆ నారి నాలుగు రోజులు నిలవలేదు. రెండోరోజు పొద్దున చూస్తే గొట్టాల మధ్య ఏమీ లేదు. ప్రహరీ గోడ మీద రెండు పిల్లులు ఒకటే నారిని చెరో కొస నుంచీ నమిలేస్తున్నాయి.

రెండో నారికి చుట్టూ వల కట్టి కాపాడుకుంది. ఎండింది. విల్లుకెక్కించి గూటంతో ఒక్కటి కొట్టింది. ఫట్టున తెగి, కొస వచ్చి చెంప మీద తగిలింది. వాత నాలుగు రోజులుంది. కట్టు మార్చడానికొచ్చిన ఎవాంజలిన్ ముందుగా జైనబీ చెంపకు మందు రాసింది.

"పిన్నిగారూ, మూడు వారాలే ఉంది. ఇంకెప్పుడు ఏకడం నేర్చుకుంటారు?"

ఆ మాట నిజమే. సంగతి విన్న బాషా ఆ శుక్రవారం చేపల పడవల వాళ్ల దగ్గర్నుంచి దళసరి నైలాన్ తాడు తెచ్చిచ్చాడు. జైనబీ విల్లుకెక్కించింది. కొట్టింది. ణంగుమంది! ఎంతసేపు కొట్టినా సాగదు, తెగదు, తేమ పట్టదు.

ఆ నైలాన్ మీదనే జైనబీ ఏకడం నేర్చుకుంది. మధ్యాహ్నం ముసలామె నిద్రపోయాక గంటన్నర మేడ మీద. మొదటి రోజు గూటం నారికి తగలకుండా మోకాలికి తగిలింది. రెండోరోజు నారి దూదిలో కూరుకుపోయి పైకి రాలేదు. వారం తిరిగేసరికి ఒక సంగతి పట్టుబడింది. నారి దూదిని కొట్టకూడదు, దూదిని తాకీ తాకకుండా వణకాలి. వణుకుతో గడ్డ తనంతట తానే విడిపోతుంది. కుడి భుజం రాత్రికి వాచేది. పొద్దున చపాతీపిండి పిసకడానికి ఎడమ చెయ్యి వాడేది. రాయిలాంటి పరుపులోంచి చేటెడు తెల్లటి నురగ లేచిన రోజున ఒక్కతే నడుం మీద చేతులేసుకుని, దానివైపు చాలాసేపు చూసింది.

బట్టల దగ్గర జైనబీకీ ఎవాంజలిన్‌కూ పెద్ద రభస జరిగింది.

"అప్పట్లో రవికలు లేవంటండీ," అంది ఎవాంజలిన్ ఫోను చూస్తూ.

"అయితే అప్పటోళ్లనే పిలుచుకోమను."

"కోప్పడకండి. ముడి రవికలు ఉండేవని కూడా రాశారు ఒకచోట."

"అట్ల చెప్పు. మా అవ్వ కట్టింది ముడి రవికే."

ఊరి నుంచి ఎవరో వస్తుంటే మాధవరం నేతచీర తెప్పించుకుంది. రవిక చేత్తో కుట్టుకుంది. హుక్కు లేదు, ముందు ముడి. తలకు చుట్టుకోవడానికి ముతక గుడ్డ. పిన్నీసులన్నీ పెట్టెలో పడేసింది.

పదిరోజులు మిగిలాయి. నైలాన్ తాడు తెల్లగా మెరుస్తూనే ఉంది. దాన్ని ఏంచేయాలో ఎవాంజలినే ఉపాయం చెప్పింది. "పసుపు, టీ డికాషను కలిపి మరిగించి ముంచండి. రంగు మారుద్ది. పైన కాస్త మైనం రాస్తే పేగో నైలానో దేవుడికే తెలియాలి."

జైనబీ ముంచి చూసింది కూడా. అచ్చం నరంలాగే వచ్చింది. బాషా ఫోనులో ఫొటో చూసి, "ఇంకేంది, గెలిచినావు ఫో అక్కా," అన్నాడు.

ఆ మధ్యాహ్నం జైనబీ విల్లు ముట్టుకోలేదు. గోడకానించి దాని ఎదురుగా కూచుంది. గేటు దగ్గర వాళ్లు అడుగుతారు, ఇదేమిటని. పేగని చెప్పాలి. నమ్ముతారు. లోపలికి పోతుంది. లోపలికి పోయినాక వచ్చిన ప్రతివాడూ వంగి చూస్తాడు, వేలితో ముట్టుకుంటాడు, ప్రతివాడి వేలి వైపూ తను గుండె పట్టుకుని చూస్తుండాలి.

సాయంత్రం బాషాకు ఫోను చేసింది. "పేగులు తీసిపెట్టు. ఈసారి ఆరు."

"ఉండే తాడు బాగానే ఉండాదే!"

"దొంగతాడు కట్టుకోని లోపలికి పోతే, పొద్దుగుంకేదాక భయపడి చావాల. దానికన్నా బయట నిలబడి శనిక్కాయలు తినేది మేలు. ఆరు పేగులు, రేపు."

"పదిరోజులే అక్కా ఉండేది."

"నాకూ వచ్చు లెక్క."

ఆరు పేగుల నారి ఆరు రోజులకు ఎండింది. ఈసారి తొందరపడి ఎండలో పెట్టలేదు. నీడలో ఆరనిచ్చింది. రెండోది తెగింది ఎండకు పెళుసెక్కే అని అప్పటికి అర్థమైంది. విల్లుకెక్కించి మెల్లిగా కొట్టింది. నైలాన్ లాగా ణంగుమనలేదు. బొంగురుగా, లోతుగా మూలిగింది. చెయ్యి మళ్లీ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. మూడు మధ్యాహ్నాలు మిగిలాయి, మూడూ వాడుకుంది.

శుక్రవారం తెల్లవారుజాము నమాజు చేసుకుని, ఎవాంజలిన్ కారు పైన విల్లును దుప్పట్లో చుట్టి కట్టి బయల్దేరారు. బాషా సెలవు పెట్టి వెనక సీట్లో దూది మూట పక్కన కూచున్నాడు. ఖబూరా చేరేసరికి సముద్రం మీద నుంచి పొగమంచు లేచి తోటంతా కప్పేసింది. ఖర్జూరపు ఆకుల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. చెట్ల మధ్య గుడారాలు, ఇనప టోపీలు, ఎక్కడో సుత్తి దెబ్బలు. వాటన్నిటికీ చుట్టూ, నడుమెత్తున, తాడు.

గేటు దగ్గర బల్ల వేసుకుని కూచున్నావిడ పేరు నఫీసా. కాలేజీలో చరిత్ర చెబుతుందట. వచ్చినవాళ్ల కాలర్లు తిప్పి కుట్లు చూస్తోంది, చెప్పుల అడుగులు చూస్తోంది. జైనబీ ముందున్న తెల్లాయన తోలుసంచిలో లైటరు దొరికితే తీసి పక్కన పెట్టింది. ఎవాంజలిన్ కోటును అటూ ఇటూ నొక్కి చూసి, బాగుందని తలూపి, లోపలికి పంపింది.

"మా పిన్నిగారి తరఫున నేను చెబుతానండీ, ఆవిడకి ఇంగ్లీషు..." అని ఎవాంజలిన్ వెనక్కి తిరిగింది.

"నువ్వు పో, నీ పని జూసుకో," అని, నఫీసాతో నేరుగా అరబ్బీలో మాట్లాడింది జైనబీ. "ఇది విల్లు. దూది ఏకడానికి. ఇది మా ఇంటి పని."

నఫీసా లేచి వచ్చింది. కొయ్య మీద బాడిసె గుర్తుల్ని అరచేత్తో తడిమింది. నారిని గోటితో గీకింది. ఆ గోటిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "గొర్రెనా?"

"గొర్రే."

"మోగించు."

బాషా మూట విప్పి దూది పరిచాడు. జైనబీ విల్లెత్తి పట్టుకుని గూటంతో కొట్టింది.

దబ్.

తడిసిన గోనెసంచిని కొట్టినట్టుంది. నారి సాగి వేలాడింది. దూది గడ్డ కదలనైనా లేదు.

"ఇంకోటి కొట్టక్కా, గెట్టిగా," అన్నాడు బాషా కంగారుగా.

జైనబీ కొట్టలేదు. నారిని రెండు వేళ్లతో పట్టుకుంది. మెత్తగా ఉంది. తను ఎప్పుడూ మిట్టమధ్యాహ్నం ఎండలో, మేడ మీద ఏకింది. పొద్దున మంచులో ఒక్కరోజు కూడా మోగించి చూడలేదు. వాళ్ల నాయన బారెడు పొద్దెక్కేదాకా విల్లు ముట్టేవాడు కాదు. ఒళ్లు బరువని అమ్మ తిట్టిపోసేది. ఆయన ఏమీ అనకుండా బీడీ కాల్చుకుంటూ అరుగు మీద కూచునేవాడు. బద్ధకం కాదు, నారి ఆరాలని. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు మహానుభావుడు.

"నారి నీళ్లు తాగింది," అంది నఫీసాతో. "ఎండొస్తే పలుకుతుంది."

నఫీసా ఆకాశం వైపు చూసింది. పొగమంచు తప్ప ఏమీ లేదు. "తొమ్మిదింటికి గేటు మూస్తాను. వెనక ఇంకా జనం ఉన్నారు. సందర్శకురాలిగా ఉండిపో, అదీ మంచిదే."

"తొమ్మిది దాకా టైమ్ ఉందా లేదా?"

"ఉంది. ముప్పావు గంట."

"అయితే వెనకవాళ్లను పిలువు. నేను పక్కకు జరుగుతా."

జరిగింది. జరిగిన చోట ఊరికే కూచోలేదు. "బాషా, ఆ కాఫీ అతన్ని అడిగి నిప్పులు పట్రా. మంట గాదు, నిప్పులు."

గేటు బయట సందర్శకులకు కాఫీ పోసే ముసలాయన మట్టి మూకుడులో నిప్పులిచ్చాడు. జైనబీ విల్లును అడ్డంగా, నిప్పులకు జానెడు పైన పట్టుకుంది. దగ్గరైతే పేగు కమురుతుంది, దూరమైతే ఆరదు. ఎంత ఎత్తులో పట్టాలో అరచెయ్యి మధ్యలో పెట్టి చూసుకుంది. చెయ్యి ఓర్చుకోగలిగిన వేడి చాలు. ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు, వదలకుండా తిప్పుతూనే ఉంది. చేతులు పీకుతున్నాయి.

"నేను పట్టుకుంటా ఇయ్యక్కా."

"నీకు అంచనా తెల్దు."

"నీకు మాత్రం ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే. పోయి ఖర్జూరం మట్ట ఒకటి జూసి, వేలంత చీలిక పెరక్కరా."

లోపల డోలు మోగింది. కోటు పైన ఇనప తొడుగు వేసుకుని, ఎవాంజలిన్ తాడు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "పిన్నిగారూ! ఏమైంది? మా జట్టుని పిలుత్తున్నారు. నేనుండనా?"

"నేనేమన్నా పురిటికొచ్చినానా, నువ్వుండేదానికి? ఎక్కడా వెనక్కి తగ్గాకు, పో!"

బాషా చీలిక తెచ్చాడు. నారిని వేలితో మీటితే ఇప్పుడు చిన్నగా మూలిగింది. చాలదు. జైనబీ మట్ట చీలికను పలక దగ్గర నారి కిందికి దూర్చి, గూటంతో రెండు దెబ్బలు వేసింది. నారి బిగిసింది. ఇంకొక్క దెబ్బ వేద్దామని గూటమెత్తి, ఆగింది. ఆ ఒక్కటీ ఎక్కువైతే తెగుతుంది. ఇంకో నారి లేదు. గూటం దించేసింది.

లైను అయిపోయింది. నఫీసా గడియారం చూసుకుని బల్ల మీద కాగితాలు సర్దుతోంది. జైనబీ విల్లెత్తుకుని వెళ్లి ఆమె ఎదురుగా నేల మీద కూచుంది. దూదిని తన వైపు లాక్కుంది. అడగకుండానే కొట్టింది.

నారి బొంగురుగా పలికింది. మొదటి దెబ్బకు గడ్డ కదిలింది. రెండో దెబ్బకు చీలింది. అక్కణ్నుంచి దెబ్బకూ దెబ్బకూ మధ్య సందు లేకుండా పోయింది. ముప్పై ఏళ్ల పరుపు పొట్టంతా కిందికి రాలి, తెల్లటి దూది తెరలు తెరలుగా లేచి, నఫీసా నల్లటి అబాయా మీద, కాగితాల మీద, బాషా మీసాల మీద వాలింది. తాడుకు అటువైపు ఇనప టోపీ వాడొకడు నిలబడిపోయాడు. నఫీసా దులుపుకోలేదు. చేటెడు దూది తేలేదాకా చూసి, చేయెత్తి చాలంది.

కలం తీసుకుంది. "పేరు?"

"జైనబీ."

"నేర్పిందెవరు?"

"నేర్పినోళ్లు లేరు. మా నాయన ఏకతాంటే దూరంగా కూచుని చూసినా."

నఫీసా ఆ మాట రాసుకుందో లేదో గానీ, బల్ల వెనక నుంచి లేచి, తాడు ముడి విప్పి, విల్లు పట్టేంత దారి చేసింది. బాషా కూడా అడుగు ముందుకేశాడు. నఫీసా అతని ప్యాంటు జిప్పు వైపు వేలు చూపించింది.

"నువ్వు ఆన్నే ఉండు తమ్ముడూ," అంది జైనబీ. "కాఫీ తాగు."

విల్లు భుజానేసుకుని, మూట నెత్తినెత్తుకుని లోపలికి నడిచింది. మగ్గం పక్కన, చెట్టు కింద నేల కాస్త పొడిగా ఉన్న చోటు చూసుకుంది. చాప పరిచింది. మొదటి గడ్డ చాప మీద పడేసరికే ముగ్గురు నలుగురు చుట్టూ చేరారు. బరిలోంచి కత్తులు తగిలిన చప్పుడూ, ఎవాంజలిన్ కేకా వినపడ్డాయి. జైనబీ ఒక్కసారి అటు చూసి, పిల్ల కాళ్ల మీదనే ఉందని నిశ్చయం చేసుకుని, గూటం చేతిలోకి తీసుకుంది. పొద్దుగుంకే లోపల పరుపు దూది మొత్తం ఏకాలి.

"జరగండి, ఎనక్కి జరగండి," అంది అరబ్బీలో, వంగి చూస్తున్న వాళ్లతో. "కండ్లలో పడతాది."